రెండు రూపాయల కండెన్సర్ అని కొట్టేయకండి

పోస్టు పొడుగ్గా ఉంటుంది, ముందే చెప్తున్నాను. తీరిక లేకుంటే రాత్రికి చదవండి. కానీ వచ్చే ఆదివారం కమిటీ కూర్చునే లోపల మాత్రం చదవండి.

పిల్లల రేడియో శిబిరానికి నేను రాసిచ్చిన సామాన్ల పట్టీలో మొన్న ఒక వరుస కొట్టేసినారు. "ఎన్‌పీ0 కండెన్సర్లు, సెట్టుకు ఏడు" అని నేను రాసిన చోట ఎర్ర ఇంకుతో "కండెన్సర్లు, కలగలుపు ప్యాకెట్టు" అని మార్చినారు. దాంతో సెట్టుకు యాభై రూపాయలు మిగిలిందట. ఇరవై సెట్లకు వెయ్యి రూపాయలు. "రెండు రూపాయల కండెన్సర్‌కి ఇంత రాద్ధాంతం ఎందుకండీ" అని కోశాధికారి గారు అన్నారు. అందరూ నవ్వినారు. నేనూ నవ్వి ఇంటికొచ్చినాను. వచ్చినాక నవ్వు రాలేదు.

ఎందుకు రాలేదో చెప్పాలంటే పోయిన సంవత్సరం శిబిరం సంగతి చెప్పాలి. మీలో చాలా మందికి ఫోటోలే తెలుసు. ఫోటోలు బాగానే వచ్చినాయి.

మన హాలు పైన రేకుల షెడ్డు. తిరుచ్చిలో ఏప్రిల్ నెల. పద్దెనిమిది మంది పిల్లలు. వీళ్ళలో సగానికి పైగా మన ఆదివారం తెలుగు తరగతికి ఎంత పిలిచినా రాని పిల్లలు. రేడియో అనేసరికి వచ్చినారు. నేను తెలుగులో రాసిచ్చిన కాగితం చూసి "పసుపు రింగు", "నల్ల తీగ", "చుట్లు 18" అని వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివినారు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, అక్షరం రాదు. నేను కూడా అట్ల పెరిగినోణ్ణే. బడి అంతా తమిళంలోనే చదివి, ముప్పై దాటినాక తెలుగు అక్షరాలు దిద్దుకున్నాను. కాబట్టి ఆ చదవడం చూస్తే నాకు ఎంత సంతోషమయిందో వేరే చెప్పనక్కర్లేదు.

మొదటి రోజు పదకొండు గంటలకు సెట్లు మోగినాయి. 7 మెగాహెర్ట్జ్ మీద హ్యాములు మాట్లాడుకునేది వినిపించింది. తమిళం, మలయాళం, మధ్యలో ఎవరో తెలుగు. పిల్లలు గంతులేసినారు. అర్ధగంట అయ్యేసరికి అవే గొంతులు బాతు అరిచినట్టు అయినాయి. ఇంకాసేపటికి అసలు లేవు. నాబ్ తిప్పి మళ్ళీ పట్టుకుంటే పది నిమిషాలకు మళ్ళీ జారి పోయినాయి. ఒకరిద్దరివి కాదు, ఇంచుమించు అందరివీ. ఫ్యాను వేస్తే ఒక పక్కకు, ఆపితే ఇంకో పక్కకు. పన్నెండున్నరకు ఒక సెట్టుకు కౌంటర్ పెట్టి చూస్తే పొద్దున ఉన్న చోటు నుంచి 9 కిలోహెర్ట్జ్ పైకి పోయింది. షెడ్డులో వేడి 31 నుంచి 36 డిగ్రీలకు పెరిగింది, అంతే.

ఏడో తరగతి పాప ఒకతి, చాలా పొందికగా టంకం పెట్టింది, నా దగ్గరికొచ్చి మెల్లగా అనింది: "నా చెయ్యే సరిగా లేదు తాతా, నేను తాకితే చెడిపోతుంది."

ఆ పాప చెయ్యి సరిగానే ఉండింది. సరిగా లేనిది నేను కొన్న ప్యాకెట్టు. అవును, పోయిన సంవత్సరం కలగలుపు ప్యాకెట్టు కొన్నది నేనే. ఒక అంగట్లో అడిగినాను, "ఇది ఎన్‌పీ0నా?" అని. "ఎల్లాం ఒణ్ణుదాన్ సార్" అన్నాడు ఆయన. ఆయన మీద నాకు కోపం లేదు, ఆయనకు అన్నీ ఒకటే. నాకు ఒకటే కాదని తెలిసి కూడా, టైము లేదని తలూపి తెచ్చేసినాను. రెండో రోజుకు పద్దెనిమిది మందిలో పదకొండు మంది వచ్చినారు. మూడో రోజుకు అయిదుగురు. ఆ తరవాత తెలుగు తరగతికి వచ్చింది ఎవరూ లేరు.

ఇప్పుడు అదే ప్యాకెట్టును కమిటీ తీర్మానం చేసి కొంటారట. నేను ఒక్కణ్ణి చేసిన తప్పుకు సంఘం ముద్ర వేస్తారా అని అడుగుతున్నాను.

తెలియని వాళ్ళకోసం విషయం చెప్తాను. రేడియోలో ఆసిలేటర్ అనే ముక్క ఒకటి ఉంటుంది. అది తనంతట తాను ఊగుతుంది. మన పిల్లలు చేసే సెట్టులో సెకనుకు 70 లక్షల సార్లు ఊగాలి. ఎన్ని సార్లు ఊగాలో నిర్ణయించేది ఒక కాయిల్, దానికి తోడు కండెన్సర్లు. నాకు బళ్ళో దీని పేరు మిన్‌తేక్కి అని చెప్పినారు, మిన్ అంటే కరెంటు, తేక్కి అంటే నిలవ చేసేది. నీళ్ళకు చెరువు ఎట్లనో కరెంటుకు ఇది అట్ల. చెరువు పెద్దదయితే నిండడానికి ఆలస్యం, చిన్నదయితే త్వరగా నిండుతుంది. వేడికి ఈ చెరువే పెరిగి తగ్గితే ఊగే లెక్క మారిపోతుంది.

ఎంత మారుతుంది? లెక్క సులువు. కండెన్సర్ విలువ ఒక శాతం పెరిగితే ఫ్రీక్వెన్సీ అర శాతం తగ్గుతుంది. 70 లక్షల్లో అర శాతం 35 వేలు, అంటే 35 కిలోహెర్ట్జ్. మన దేశంలో హ్యాములకు ఆ చోట ఇచ్చిందే 7000 నుంచి 7200 దాకా, 200 కిలోహెర్ట్జ్. ఒక మనిషి మాట సైడ్‌బ్యాండులో పట్టే వెడల్పు సుమారు 3 కిలోహెర్ట్జ్. అంటే కండెన్సర్ ఒక్క శాతం కదిలితే పది మందిని దాటుకొని పోయినట్టు. మాట మాటలాగా వినాలంటే 100 హెర్ట్జ్ కూడా జరగకూడదు, జరిగితే గొంతు మారిపోతుంది. ఇది 70 లక్షల్లో నూరు. కోశాధికారి గారు బ్యాంకులో పని చేసినారు, లక్షకు ఒకటిన్నర రూపాయి తేడా కూడా రాకూడదు అంటే ఆయనకు అర్థమవుతుంది.

"మా కాలంలో సిలోన్ రేడియో వినలేదా, అదీ జారేది కదా" అని ఒక అన్న గ్రూపులో రాసినారు. జారేది. మా నాయన వాల్వు సెట్టులో షార్ట్‌వేవ్ పెడితే మొదటి పాట అయ్యేదాకా చెయ్యి నాబ్ మీదనే ఉండేది. కానీ అన్నా, అది ఏఎం ప్రసారం. ఒక కిలోహెర్ట్జ్ అటూ ఇటూ అయినా పాట పాటే. ఇక్కడ హ్యాములు మాట్లాడేది సైడ్‌బ్యాండ్. అందులో ఒక కిలోహెర్ట్జ్ తప్పితే మనిషో బాతో తెలియదు.

ఇప్పుడు ప్యాకెట్టు విప్పుదాం. పోయిన సంవత్సరం శిబిరం అయినాక నేను మిగిలిన ప్యాకెట్టు ఇంటికి తెచ్చి ఒక్కో కండెన్సర్‌నూ మీటరుకు పెట్టి, మా కోడలి హెయిర్ డ్రయర్‌తో వేడిగాలి కొట్టి చూసినాను. సిరామిక్ డిస్కులు, చూడటానికి అన్నీ చింతగింజల్లాగే ఉంటాయి. లోపల ఉన్న మట్టి వేరు. 104 అని రాసిన గోధుమ రంగువి అయితే అంకె నా కళ్ళ ముందరే కుప్పకూలింది. వై5వి అనే జాతి ఇట్లాంటిదే. మైనస్ 30 నుంచి 85 డిగ్రీల మధ్య వాటి విలువ 22 శాతం పెరగవచ్చు, 82 శాతం తగ్గవచ్చు అని తయారీదార్ల కాగితమే ఒప్పుకుంటుంది. తగ్గింపు 82 శాతం! నూరు రూపాయలు దాచుకుంటే పద్దెనిమిది చేతికిచ్చే లెక్క.

దానికంటే మేలు ఎక్స్7ఆర్. ఇది మైనస్ 55 నుంచి 125 దాకా 15 శాతం లోపల ఉంటుంది. వినడానికి బాగుంది. కానీ పైన లెక్క చూసినారు కదా, మనకు ఒక శాతమే 35 కిలోహెర్ట్జ్.

నన్ను మోసం చేసింది ఈ రెండూ కాదు. 100, 220 పీఎఫ్ లాంటి చిన్న విలువ డిస్కులు. చిన్న విలువ అయితే ఎన్‌పీ0నే ఉంటుంది అని మనలో ఒక నమ్మకం ఉంది, నాకూ ఉండింది. కాదు. ఎస్ఎల్ అని ఒక జాతి ఉంది, చిన్న విలువల్లో చవకగా దొరికేది ఎక్కువగా అదే. దానికి హద్దు డిగ్రీకి పది లక్షల్లో ప్లస్ 350 నుంచి మైనస్ 1000 దాకా, ఎక్కడైనా ఉండవచ్చు. పోయిన సంవత్సరం 5 డిగ్రీలకు 9 కిలోహెర్ట్జ్ పైకి పోయిందంటే వెనక్కి లెక్క వేసుకుంటే కండెన్సర్లు డిగ్రీకి సుమారు మైనస్ 550. సరిగ్గా ఆ హద్దుల లోపలే. డిస్కు తన జాతి ప్రకారమే నడుచుకుంది. దాన్ని అక్కడ పెట్టడమే తప్పు.

ఎన్‌పీ0 అంటే నెగెటివ్, పాజిటివ్, సున్నా. చివరిది సున్నా, ఓ అక్షరం కాదు. దీన్నే కొత్త పద్ధతిలో సీ0జీ అంటారు, అందులో నడుమ ఉన్నది కూడా సున్నానే. దీని హద్దు డిగ్రీకి పది లక్షల్లో 30, అటు గానీ ఇటు గానీ. 10 డిగ్రీలు మారినా 7 మెగాహెర్ట్జ్ దగ్గర ఎక్కువలో ఎక్కువ 1050 హెర్ట్జ్. పాత డిస్కుల్లో గుర్తు పట్టడం సులువు, నెత్తిన నల్ల రంగు పూసి ఉంటుంది. పిల్లలకు నేను "నల్ల తల" అని చెప్పేది దాన్నే. ఊదా రంగు ఉంటే ఎన్750, అది డిగ్రీకి మైనస్ 750, దాని పని వేరే ఉంది, తరవాత చెప్తాను. పసుపు చుక్కలాగా ఉండే మల్టీలేయర్ వాటి మీద చాలాసార్లు విలువ తప్ప జాతి రాసి ఉండదు. అతికించే చిప్పుల మీద అయితే విలువ కూడా ఉండదు. అవి కొంటే రీలు మీద రాసింది చూసి కొనాలి, చిల్లరగా గుప్పెడు తెచ్చుకోకూడదు.

ఇక మన పెద్దాయన మాట. ఆయనంటే నాకు గౌరవం, రోజూ గుడి దగ్గర కలుస్తాము, కాబట్టి కోపం తెచ్చుకోరనే నమ్మకంతో రాస్తున్నాను. "సిల్వర్ మైకా వేయండి, అది మన గూడూరు అభ్రకం, తెలుగు నేల నుంచి వచ్చింది, దానికి సాటి లేదు" అని గ్రూపులో గొంతు మెసేజ్ పెట్టినారు. దానికి నలభై చేతులు జోడించిన బొమ్మలు పడినాయి. గూడూరు చుట్టుపక్కల అభ్రకం గనుల పేరు నిజంగానే పెద్ద పేరు. ఆ పచ్చ అభ్రకం ఓడలెక్కి దేశాలు తిరిగింది. అందులో తప్పు లేదు. సిల్వర్ మైకా మంచి కండెన్సరే, నష్టం తక్కువ, ఏళ్ళ తరబడి నిలుస్తుంది. ట్రాన్స్‌మిటర్ ఫిల్టరులో నేనూ వాడతాను.

కానీ ఆసిలేటర్‌లో పెట్టేటప్పుడు ఊరు పేరు అడగకూడదు, వేడికి ఏ వైపు పోతుంది అని అడగాలి. మైకా వేడికి పెరుగుతుంది. మంచి రకం అయితే డిగ్రీకి 0 నుంచి 70, ఇంకో రకం మైనస్ 20 నుంచి 100, కొన్ని రకాలకు 200 దాకా కూడా హద్దు ఇస్తారు. మన కాయిల్ కూడా వేడికి పెరిగేదే. ఎర్ర రింగు అయితే డిగ్రీకి సుమారు 95, పసుపు రింగు అయితే సుమారు 35. ఇద్దరూ ఒకే వైపు లాగుతారు. ఎర్ర రింగుకు మధ్యరకం మైకా, డిగ్రీకి 50 అనుకోండి, జత చేస్తే మొత్తం 145. 10 డిగ్రీలకు 5 కిలోహెర్ట్జ్ కిందికి. బండికి రెండు ఎద్దులు కట్టి రెండింటినీ గుంట వైపే తోలినట్టు. పెద్దాయనా, గూడూరు మీద మీకున్న ప్రేమ నాకూ ఉంది. మా అవ్వ పుట్టిల్లు ఆ పక్కనే. కానీ పిల్లల సెట్టులో మైకా వేసి అది జారితే, జారింది గూడూరు పేరు కూడా. ధర కూడా ఎన్‌పీ0కు ఎన్నో రెట్లు, కోశాధికారి గారు దీన్ని మాత్రం ఎందుకు కొట్టేయలేదో నాకు అర్థం కాలేదు.

పాలీస్టైరిన్ గురించి ఒకరు అడిగినారు, అంగట్లో స్టైరోఫ్లెక్స్ అనేవారు, గాజు గొట్టంలో వెండి కాగితం చుట్టినట్టు ఉంటుంది. నాకు చాలా ఇష్టం. అది డిగ్రీకి సుమారు మైనస్ 150, అంటే కాయిల్‌కు ఎదురు లాగుతుంది. ఎర్ర రింగు మీద చుట్టి, కండెన్సర్లలో మూడింట రెండు వంతులు ఇది, ఒక వంతు ఎన్‌పీ0 వేస్తే ఒకదాన్నొకటి ఇంచుమించు కొట్టేసుకుంటాయి. పాత మేస్త్రీలు అట్లనే చేసేవాళ్ళు. కానీ ఇప్పుడు ఎక్కువగా పాత స్టాకే దొరుకుతుంది. పైగా టంకం కడ్డీ తగిలితే మైనంలాగా కరిగిపోతుంది. పదేళ్ళ పిల్లల చేతికి దాన్ని ఇవ్వడం న్యాయం కాదు. నా పెట్టెలో ఉన్న గుప్పెడు నా పెట్టెలోనే ఉండనీయండి.

బెంగుళూరు నుంచి మన తమ్ముడు ఒకడు, మంచి పిల్లవాడు, ఇంజనీరు, ఇట్ల రాసినాడు: "అంకుల్, ఈ కాలంలో ఎల్‌సీ ఆసిలేటర్ ఏంటి, ఎస్ఐ5351 మాడ్యూల్ వేసేయండి, కండెన్సర్ గొడవే ఉండదు." ఇది గట్టి మాటే, తోసిపుచ్చలేను. ఆ మాడ్యూల్ లోపల క్రిస్టల్ ఉంటుంది, అది పది లక్షల్లో కొద్ది భాగాలకు మించి కదలదు. ట్రాన్స్‌మిట్ చేసే సెట్టు అయితే నేనూ అదే పెడతాను. పక్కవాడి ఫ్రీక్వెన్సీ మీద జారి పడే హక్కు మనకు లేదు. హైదరాబాదు అషర్ ఫర్హాన్ గారి బిటెక్స్ సంగతి కూడా తమ్ముడు ఎత్తినాడు, "ఆయనే మారినాడు కదా అంకుల్" అని. నిజమే. మొదటి బిటెక్స్‌లో ఉండింది కాయిల్, కండెన్సర్ల ఆసిలేటరే. చేతికి దొరికే సామాన్లతోనే చేయాలని కొళాయి వాషరు మీద కూడా కాయిల్ చుట్టవచ్చు అని చూపించినారు. తరవాతి సెట్లలో ఎస్ఐ5351 వచ్చింది.

కానీ తమ్ముడూ, మన శిబిరం సెట్టు వినడానికే, ట్రాన్స్‌మిట్ చేయదు. ట్రాన్స్‌మిట్ చేయాలంటే పిల్లలు పెరిగి ఏఎస్ఓసీ పరీక్ష రాయాలి, లైసెన్సు తెచ్చుకోవాలి. ఇప్పుడు వాళ్ళు చేసేది నేర్చుకోవడం. మాడ్యూల్ పెడితే తీగలు నాలుగు, ప్రోగ్రాము నువ్వు ఎక్కించి ఇస్తావు, తెర మీద 7.100 అని పడుతుంది. పిల్లవాడు ఏం చేసినాడు? నాలుగు తీగలు పెట్టినాడు. నేను 18 చుట్లు చుట్టిస్తాను. ఒక చుట్టు దూరం జరిపితే స్టేషను జరుగుతుంది, వేలు దగ్గరికి తెస్తే ఈల మారుతుంది, అది చూసిన పిల్ల కళ్ళు నువ్వు చూడలేదు. మాడ్యూల్ రెండో సంవత్సరం శిబిరంలో పెడదాం, నువ్వే వచ్చి నేర్పు. మొదటి సంవత్సరం పిల్లకు ఈ ఏడు కండెన్సర్లు ఇవ్వు.

హాలు కింద ఏసీ గదిలో శిబిరం పెడితే సరిపోతుంది కదా అని ఇంకో సలహా. ఇంటికి తీసుకుపోయినాక ఏం చేయాలి? ఏసీ కూడా కొనివ్వాలా?

ఇప్పుడు డబ్బు సంగతి. కలగలుపు ప్యాకెట్టు పారేయమని నేను ఎక్కడా అనలేదు. సెట్టులో పాతిక కండెన్సర్లు ఉంటే అందులో పద్దెనిమిది సప్లైకి, ఆడియోకి అడ్డం నిలబడేవి. అక్కడ 104 డిస్కు చాలు, అది సగానికి పడిపోయినా ఎవరికీ తెలియదు. అక్కడ ఎన్‌పీ0 కావాలని అడిగేవాణ్ణి నేనే తిడతాను, ఆ విలువలో అది దొరికేదీ కష్టం, ధరా ఎక్కువ. నాకు కావలసింది ఏడు. కాయిల్ పక్కన నాలుగు, ట్రాన్సిస్టర్‌కు తిరిగి తోపు ఇచ్చేవి రెండు, గ్యాంగ్ కండెన్సర్‌కు కలిపేది ఒకటి. ఒకటే పెద్దది పెట్టకుండా నాలుగు చిన్నవి పక్కపక్కన ఎందుకంటే, కరెంటు పంచుకుంటే ఒక్కోటీ తక్కువ వేడెక్కుతుంది. పైగా ఒకటి కొంచెం పైకి, ఒకటి కొంచెం కిందికి పోయేది ఉంటే సర్దుకుంటాయి.

నేను రైల్వేలో గుమాస్తాగా ముప్పై ఏళ్ళకు పైగా కొటేషన్ కాగితాలు చూసినోణ్ణి. తక్కువ ధర ఇచ్చినవాడికే ఆర్డరు, అది సరైన పద్ధతే, నాకు పేచీ లేదు. కానీ ధర పోల్చే ముందర పైన ఒక వరుస ఉంటుంది, ఏ వస్తువు, ఏ రకం, ఎంత కొలత అని. ఆ వరుస ఉన్నంత వరకే తక్కువ ధరకు అర్థం. మీరు ధర తగ్గించలేదు కోశాధికారి గారూ, పైన ఉన్న ఆ వరుసను కొట్టేసినారు. వరుస ఉంచి, ఎన్‌పీ0కు నాలుగు అంగళ్ళలో అడిగి ఎవరు తక్కువిస్తే వాళ్ళ దగ్గర తీసుకోండి. చెన్నై రిచ్చీ స్ట్రీట్‌కు నేనే నా ఖర్చుతో పోయి వస్తాను, సీనియర్ పాసు ఉంది.

కొని తెచ్చినాక కూడా నమ్మకూడదు. అంగడాయన మాట నమ్మినందుకు నాకు పోయిన సంవత్సరం అయింది చాలు. ప్రతి కట్టలో రెండు తీసి మీటరుకు పెట్టండి, కాళ్ళు తాకకుండా ఒంటిని మాత్రం రెండు వేళ్ళతో పట్టుకోండి. వంటి వేడికే అంకె పారిపోతా ఉంటే అది ఆసిలేటర్‌కు పనికి రాదు. ఎస్ఎల్ లాంటిది వేళ్ళకు దొరకదు, దానికి హెయిర్ డ్రయర్ కావాలి. ఈ పని పిల్లలతోనే చేయించండి. కట్టకు ఒక కాగితం పెట్టి "కదిలేవి", "కదలనివి" అని తెలుగులో రాయించండి. తెలుగు తరగతికి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు.

ఊదా చుక్క సంగతి బాకీ పెట్టినాను. పసుపు రింగు, ఎన్‌పీ0 కండెన్సర్లు వేసినాక కూడా కాయిల్ తన 35 లాగుతూనే ఉంటుంది. మొత్తం 400 పీఎఫ్ ఉంటే అందులో సుమారు 20 పీఎఫ్ ఎన్750 పెడితే ఎదురు లాగి దాదాపు సున్నాకు తెస్తుంది. ఇది ఓపిక ఉన్న పెద్ద పిల్లలకు, ఒక్కో సెట్టుకు ఎంత కావాలో వేడి పెట్టి చూసి మార్చాలి. పట్టీలో నేను ఇది అడగలేదు, అడగను.

ఆ పాప సెట్టు నా దగ్గరే ఉండిపోయింది, తీసుకుపోలేదు. పోయిన వారం అందులో ఏడు కండెన్సర్లు తీసి నల్ల తలవి వేసినాను. కాయిల్ ముట్టుకోలేదు, ఆ పాప చుట్టిన 18 చుట్లు అట్లనే ఉన్నాయి, టంకమూ ఆ పాపదే. మా మిద్దె పైన రేకుల కిందనే పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా పెట్టినాను. వేడి అయిదు డిగ్రీలు పెరిగింది. ఈసారి జరిగింది సుమారు 500 హెర్ట్జ్. గంటకోసారి నాబ్ కొంచెం తాకాలి, నిజం చెప్తున్నాను. కానీ మాట మాటలాగా ఉంది.

ఆదివారం పది గంటలకు హాలు పైకి రండి. రెండు ఆసిలేటర్లు పెడతాను, ఒకటి ప్యాకెట్టుది, ఒకటి నేను అడిగినది. కౌంటర్ పక్కన కోశాధికారి గారే కూర్చోవాలి, వేడిగాలి కూడా ఆయనే కొట్టాలి. తరవాత ఎర్ర ఇంకు ఎక్కడ పెట్టాలో ఆయన ఇష్టం. పాపకు కూడా ఫోన్ చేసినాను. "వస్తాను తాతా, కానీ నేను తాకను, మీరే పెట్టండి" అనింది. ఆమెతోనే ఆన్ చేయిస్తాను.

ఎవరింట్లోనైనా హెయిర్ డ్రయర్ ఉంటే తెండి. మా కోడలు ఈసారి ఇవ్వనంటోంది.